నిదానమే ప్రధానము

ఉప్పల్ కూడలి నుండి వరంగల్ మార్గమున బోడుప్పల్, పీర్జాదిగూడల మీదుగా నారపల్లి దిక్కునకు ద్విచక్రవాహనముపై పోవువారికి, నడిబాటలో బారులు తీరి నిలిచిన కాంక్రీటు స్తంభములు ఎంత పరిచితములో, వాని పాదముల చెంతనున్న గుంతలును అంత పరిచితములే. ఆరు కిలోమీటర్లకు పైబడిన ఆ ఎత్తువంతెన పనులు 2018లో ఆరంభమై ఏండ్ల తరబడి సాగుటచే, క్రింది బాట ఒక వానకాలమున కోసుకొనిపోయి, వేసవిలో కంకరతో పూడ్చబడి, మరుసటి వానకాలమున మరల నోరు తెరచుచు, దానిపై రాకపోకలు సాగించు ఉద్యోగులకును, విద్యార్థులకును, గ్యాసుబండలు మోయువారికిని, ఇంటింటికి భోజనపు పొట్లములు చేరవేయు యువకులకును నడుము నొప్పిని నిత్యానుభవముగా చేసినది. ఇటు నాచారము పారిశ్రామికవాడ వైపు వచ్చినచో, బరువు లారీల చక్రములు నొక్కి నొక్కి బాటను అలలు అలలుగా మలచియుండుట కాననగును.

ఇట్టి బాటలపై మనలను మోయు చిన్న స్కూటరునకు నడుము వంటిది దాని సస్పెన్షను. మెకానిక్కుల వాడుకలో అది షాకబ్జరు. అది బలహీనపడినదని తోచగానే మనవారు మొదట చేయు పని క్రొత్తది కొనుట. అందును స్కూటరు కంపెనీవారిది గాక, ‘హెవీ డ్యూటీ’ యనియు, ‘గ్యాస్ షాకబ్జర్’ అనియు పేర్లు తగిలించుకొని, ఎఱ్ఱని స్ప్రింగుతో, బంగారువన్నె డబ్బాతో మెఱయుచుండు బయటి సరుకును కొనుట. బయటి సరుకంతయు చెడ్డదని నేననను. 1961లో మన దేశమున స్థాపితమైన గాబ్రియేల్ ఇండియా వంటి సంస్థలు వాహనముల కంపెనీలకును, బజారునకును కూడ షాకబ్జర్లు అందించుచున్నవి. నా మనవి యంతయు, ఏ సరుకైనను బిగించుటకు ముందు రోగమెక్కడనున్నదో తెలిసికొనవలెనని మాత్రమే.

మన భాషలో నిదానమను మాటకు రెండర్థములు కలవు. తొందరపాటు లేకుండుట ఒకటి. రోగమునకు మూలకారణము కనుగొనుట మరొకటి. వైద్యశాస్త్రమున ఈ రెండవ అర్థమే ప్రసిద్ధము. మాధవకరుని రోగలక్షణ గ్రంథము ‘మాధవనిదానము’ అను పేరనే వైద్యవిద్యార్థులకు పఠనీయమై నిలిచినది. స్కూటరు విషయమున ఈ రెండు నిదానములును విడదీయరానివని నేను అనుభవముచే తెలిసికొంటిని.

రెండేండ్ల క్రిందట నా గేరులేని స్కూటరు, గుంతలో దిగినప్పుడెల్ల వెనుకభాగమున ధడాలున మ్రోయ నారంభించెను. గుంత కనబడుటే తడవుగా, వెనుక కూర్చున్న నా భార్య చేయి నా భుజమును బిగించి పట్టుకొనెడిది. ఒక దుకాణమువారు షాకబ్జరు పోయినదని చెప్పగా నమ్మి, పాతది తీయించి, ఎఱ్ఱ స్ప్రింగు గలదానిని వేయించితిని. మ్రోత పోలేదు. పైపెచ్చు మూడు క్రొత్త బాధలు దాపురించినవి: చిన్న గతుకునకు సైతము నడుము అదరుట, మలుపులలో హాండిలు తేలికపడి ముందుచక్రము అటునిటు తొణకుట, వెనుక ఎవరును లేనినాడు స్పీడు బ్రేకరు దాటగానే సీటు ఎగురగొట్టుట. ఈ నాలుగింటికిని నాలుగు వేర్వేరు కారణములు కలవని తెలియుటకు నాకు మూడు నెలలు పట్టెను.

మోయునది, అణచునది

షాకబ్జరని మనము పిలుచునది నిజమునకు రెండు పనిముట్ల జంట. వెలుపల కనబడునది స్ప్రింగు. దాని గర్భమున దాగియున్నది నూనె గొట్టము. స్ప్రింగు భారమును మోయును. రాబర్ట్ హుక్ 1678లో వివరించిన నియమము చొప్పున, అది 20 కిలోల బరువునకు ఒక సెంటీమీటరు కుంగునదైనచో, 40 కిలోలకు రెండు సెంటీమీటర్లు కుంగును. అయితే స్ప్రింగు తాను పుచ్చుకొన్న శక్తిని ఇంచుమించు అంతయు తిరిగి ఇచ్చివేయును; దానిని ఒంటరిగా విడిచినచో ఒక్క గుంతకు మనలను పదిమార్లు ఎగురవేయును. ఆ ఎగురుటను అణచుట నూనె గొట్టము పని. అందలి పిస్టను సన్నని రంధ్రముల గుండా నూనెను నెట్టుకొనుచు కదలునప్పుడు, ఆ శక్తి వేడిమిగా మారి గాలిలో కలిసిపోవును.

ఈ సూత్రమునకు దృష్టాంతమును ఉప్పల్ వాసులు దూరమున వెదుకనక్కరలేదు. హబ్సిగూడ నుండి ఉప్పల్ వచ్చు దారిలో, 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. 2017 నవంబరులో నాగోలు మార్గమున మెట్రో ఆరంభమైన నాటినుండి అచ్చటి స్టేషనునకు ఎన్‌జీఆర్‌ఐ యని ఆ సంస్థ పేరే. భూకంపములను పరిశీలించు శాస్త్రజ్ఞులు వాడు సీస్మోమీటరు, మూలస్వరూపమున, స్ప్రింగునకు వ్రేలాడు ఒక బరువు. భూమి కదలినను ఆ బరువు తన జడత్వముచే ఉన్నచోటనే ఉండజూచును. ఆ రెంటికిని కలిగిన భేదమే కంపనముగా నమోదగును. కాని ఒక కుదుపు వచ్చిపోయిన పిమ్మటను ఆ బరువు తనంత తాను ఊగుచునే యుండినచో, తరువాతి కుదుపు దాని సొంత ఊగులాటలో కలిసిపోవును గనుక, ఊపును అణచు ఏర్పాటు ఆ యంత్రమునకు తప్పనిసరి. స్కూటరుపై కూర్చున్న మనమే ఆ బరువు. ఉప్పల్ బాటయే ఆ కంపించు భూమి.

ఇచ్చట ఒక లెక్క ఉపకరించును. మన భారమునకు పది సెంటీమీటర్లు కుంగు మెత్తని స్ప్రింగు, అణచువారు లేనిచో, సెకనుకు ఒకటిన్నరమారు ఊగును. రెండున్నర సెంటీమీటర్లే కుంగు గట్టి స్ప్రింగు సుమారు మూడుమార్లు ఊగును. అనగా స్ప్రింగు గట్టిపడినకొలది ఊపు వేగము పెరుగును, దానిని అణచు బలమును అందుకు తగినంత పెరుగవలెను. చౌకరకపు ‘హెవీ’ సరుకులో సాధారణమైన లోపమిదియే: స్ప్రింగు లావుపాటిది, లోని నూనె గొట్టము మాత్రము పూర్వపు బలముదే. నన్ను సీటుపైనుండి ఎగురగొట్టినది ఈ పొత్తు కుదరని జంటయే. డబ్బా సంగతియు ఇట్టిదే. ఒత్తిడితో నింపిన నైట్రోజను వాయువు, గతుకుల బాటపై ఎడతెగక కదలు నూనె నురుగు కట్టకుండ కాపాడును; అది మేలైన ఏర్పాటు. అయితే చౌకవానిలో కొన్నింటికి ఆ డబ్బా అలంకారమాత్రమే. లోపల వాయువును లేదు, నూనెకు దారియును లేదు.

తలుపును, బందులును

1946లో ఇటలీ దేశమున పియాజియో సంస్థ వెస్పా స్కూటరును వెలువరించినప్పుడు, దాని రూపశిల్పి కొరాడినో దస్కానియో విమానముల నిర్మాణమున ఆరితేరినవాడగుటచే, ముందుచక్రమును విమానపు చక్రమువలె ఒక ప్రక్కనే పట్టి నిలిపెను. ఆ తొలి వెస్పాకు వెనుక స్ప్రింగే లేదు. 1948 నాటి 125 సీసీ బండిలో గాని అది రాలేదు. ఆ వంశమున పుట్టిన బజాజ్ చేతక్ 1972లో మన వీధులకెక్కి ఒక తరము గృహస్థులను మోసినది. 1984లో కైనెటిక్ హోండా గేర్ల శ్రమను తప్పించినది. 2001లో వచ్చిన హోండా యాక్టివా ముందుచక్రమును చిన్న లింకులపై నిలిపినది. 2020లో వచ్చిన దాని ఆరవతరము బండి టెలిస్కోపిక్ ఫోర్కులకు మారి, ముందుచక్రమును పన్నెండు అంగుళములకు పెంచినది. చక్రము చిన్నదైనకొలది గుంతలో లోతుగా దిగును. పది అంగుళముల చక్రము గలవారు ఈ బాటలపై ఎక్కువ అదరుటకు ఇదియు ఒక హేతువు.

వెనుకవైపు మాత్రము పెట్రోలు గేరులేని స్కూటర్లలో సాధారణముగా ఒకే ఏర్పాటు. ఇంజను, బెల్టు, చక్రము ఒకే ముద్దగా చేరి, ముందు రబ్బరు బుష్షులు గల ఒక హ్యాంగరుపై నిలిచి, తలుపు బందులపై తిరిగినట్లు పైకి క్రిందికి కదలును. షాకబ్జరు ఆ ముద్దను చాసిస్‌తో కలిపి ఉంచును. ఈ ఒక్క సంగతి మనసున నిలుపుకొన్నచో సగము నిదానము జరిగినట్లే; ఏలయన బందులు వదులైన తలుపు కిఱ్ఱుమన్నప్పుడు గడియను మార్చినందున ఫలమేమి?

ఉస్తాదు పరీక్ష

నాచారములో, పారిశ్రామికవాడకు పోవు ఒక సందున, వేపచెట్టు నీడను రేకుల షెడ్డు వేసికొని స్కూటర్లు బాగుచేయు వృద్ధ మెకానిక్కు ఒకరు కలరు. పని నేర్చుకొను కుఱ్ఱవాండ్రు ఆయనను ఉస్తాదని పిలుతురు. ఆయన నా మొరను శాంతముగా విని, పానా ముట్టకయే, రెండు టైర్లను బొటనవ్రేలితో నొక్కిచూచి, “గాలి ఎంత కొట్టిస్తున్నరు సారూ?” అని అడిగెను. బంకులో కుఱ్ఱవాడు రెండింటికిని నలుబది కొట్టుచున్నాడని చెప్పితిని.

“నలభై కొడితే టైరే రాయి అయితది, ఇగ షాకబ్జర్ ఏం జేస్తది? ముందుకు ఇరవై రెండు. ఎనకకు ఒక్కరుంటే ఇరవై తొమ్మిది, ఇద్దరుంటే ముప్పై ఆరు” అనెను. ఇంటికి పోయి చూడగా, నా స్కూటరు చేతిపుస్తకమున అవే అంకెలు అచ్చుపడియున్నవి. చిన్న గతుకులకు సైతము నడుము అదరుటకు మూలము అదియే. దానికి మందు కాసు ఖర్చులేనిది.

పిమ్మట ఆయన బండిని నడిమి స్టాండుపై నిలిపి, వెనుకచక్రమును పైనను క్రిందను పట్టుకొని కుడియెడమలకు ఊపెను. చక్రముతోబాటు ఇంజనును కదలెను. “సూడుండ్రి సారూ. చక్రం ఒక్కటే కదిలితే బేరింగు. ఇంజను సుత కదిలితే హ్యాంగర్ బుష్. పాత షాకబ్జర్ ఉత్తగనే ఇప్పిచ్చిండ్రు. పారేసిండ్రా, ఇంట్ల ఉన్నదా?” అని ప్రశ్నించెను. అదృష్టవశమున ఉన్నది; పోయి తెచ్చితిని.

ఆయన ఎఱ్ఱదానిని విప్పి, రెండింటిని ఒక గోనెసంచిపై ప్రక్కప్రక్కన పరుండబెట్టి, వాని పైకొనలందు బోల్టు దూరు కన్నులలో ఒకే కడ్డీ దూర్చి, క్రింది కన్నుల తేడాను టేపుతో కొలిచి, “ఆరు సూతులు ఎక్కువున్నది” అనెను. సూతు అనగా అంగుళములో ఎనిమిదవ వంతు. ఆరు సూతులనగా ఇంచుమించు 19 మిల్లీమీటర్లు. చక్రముల నడుమ సుమారు 1,240 మిల్లీమీటర్ల దూరము గల చిన్న బండికి వెనుకభాగము అంత లేచినచో, దేహమంతయు దాదాపు ఒక డిగ్రీ ముందుకు వాలును. హాండిలు కడ్డీ అంతమేర నిట్టనిలువగును. ముందుచక్రమునకు తనంత తాను తిన్నగా నిలుచుకొను గుణము ఆ మేరకు తగ్గును. మలుపులలో నన్ను భయపెట్టిన తొణకుపాటు ముందుచక్రమున పుట్టినది కాదు, వెనుకనున్న ఆ ఆరు సూతులలో పుట్టినది. క్రింది కంటిలోని స్లీవు రంధ్రము బోల్టుకన్న వెండ్రుకవాసి పెద్దదై, చిన్న గతుకులకు టకటకమని చప్పుడు చేయుచుండుటయు ఆయన బోల్టును వ్రేళ్లతో త్రిప్పి నాకు చూపెను.

లక్షణములను చదువుట

ఆనాటినుండి నేను నేర్చుకొన్నదానిని పాఠకులకు నివేదింతును. మొదట గాలి చూచుకొనవలెను; టైరుకన్న ముందు షాకబ్జరును నిందింపరాదు. తరువాత బండి వెనుక కడ్డీపై బరువు మోపి బలముగా నొక్కి విడువవలెను. లేచి, ఒక్కమారు సర్దుకొని కుదుటపడినచో అణచు శక్తి ఉన్నట్లు. రెండు మూడు మార్లు ఊగినచో నూనె గాని, దానిని బంధించు సీలు గాని పోయినట్లు. అప్పుడు నిగనిగలాడు కడ్డీని శుభ్రమైన గుడ్డతో తుడిచి, కొంతదూరము నడిపి మరల చూచినచో, తడి తగిలిన సందేహము తీరును. ముందుచక్రము వైపు కారు నూనె బ్రేకులోనికి చేరు ప్రమాదమున్నది గనుక, దానిని రేపటికి వాయిదా వేయరాదు.

చప్పుళ్లకు వేర్వేరు భాషలున్నవి. చిన్న గతుకునకు టకటకమనునది కన్నులలోని వదులు. పెద్ద గుంతలో మాత్రమే ఒక్క దెబ్బగా మ్రోయునది, స్ప్రింగు తుదివరకు కుంగి లోని రబ్బరు ఆపును తాకుట. భారమునకు స్ప్రింగు చాలలేదని గాని, ఆ రబ్బరు అరిగినదని గాని దాని అర్థము. కిఱ్ఱుమనునది ఎండిన బుష్షు. హాండిలును నెమ్మదిగా త్రిప్పునప్పుడు నడుమ ఒకచోట పట్టినట్లు తోచినచో అది కోన్ సెట్టు, అనగా హాండిలు కడ్డీ బేరింగుల జత. ముందుచక్రమును ముందువెనుకలకు ఊపునప్పుడు ఆడినచో లింకు బుష్షులనో, ఫోర్కునో, కోన్ సెట్టునో శంకింపవలెను. ఇవి అరిగినవేళ ఎంత వెలగల షాకబ్జరు వేసినను ఫలము శూన్యము.

క్రొత్తది వేయుటకే నిశ్చయించినచో, కన్నునుండి కన్నుకు గల దూరము, బోల్టు లావు, స్లీవు వెడల్పు పాతదానితో సరిపోల్చనిదే దుకాణము విడువరాదు. దుకాణపు అరలో చిరకాలము పరుండియున్న నూనె షాకబ్జరున గాలి చేరియుండవచ్చును; దానిని నిలువుగా పట్టి, పని సమమగువరకు పలుమార్లు నొక్కి విడిచి, అటుపిమ్మట బిగింపవలెను. రబ్బరు బుష్షుగల కన్నులను బండి తన బరువుపై నిలిచియున్నప్పుడే తుదిగా బిగించుట మేలు. గాలిలో వ్రేలాడునప్పుడు బిగించినచో, నేలపై నిలిచిన క్షణమునుండియే ఆ రబ్బరు మెలిపడియుండి త్వరలో చినుగును. ఇక, రిజిస్ట్రేషను వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది; పొడవు మార్చినందువలన కలుగు అపాయమును మాత్రము ఏ చట్టమును చెప్పకున్నను మొదటి మలుపే చెప్పును.

టేపుబద్ద సాక్ష్యము

ఉప్పల్‌లో భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణ సంస్థ 1967 నుండి దేశమునకు భూమిని కొలుచువారిని తయారుచేయుచున్నది. ఆ వాకిలి ముందుగా నిత్యము పోవు మనము, మన బండిని ఒక్కమారైనను కొలుచుకొనము. కొలత సులభము. వెనుకచక్రపు ఇరుసు నట్టునుండి దాని తిన్నగా పైనున్న ఒక గుర్తువరకు మూడుమార్లు కొలువవలెను: షాకబ్జరుపై భారమేమియు లేనప్పుడు, బండి తన బరువుపై నిలిచినప్పుడు, మనము ఎప్పటివలె ఎక్కి కూర్చున్నప్పుడు. మొదటి కొలతలో ఒక మెలకువ కలదు. అనేక గేరులేని స్కూటర్లలో నడిమి స్టాండు ఇంజనుకే బిగింపబడియుండుటచే, బండిని స్టాండుపై నిలిపినను దేహపు బరువు షాకబ్జరుపైననే యుండును. కావున ఇంకొకరు వెనుక కడ్డీని పట్టి, షాకబ్జరు పూర్తిగా సాగువరకు పైకెత్తవలెను. మొదటి కొలతకును మూడవ కొలతకును గల తేడా, చక్రము మొత్తము కదలగల దూరములో నాలుగవ వంతునుండి మూడవ వంతువరకు ఉన్నచో స్ప్రింగు మీకు తగినది. అంతకన్న చాల తక్కువైనచో అది మీకు గట్టిది, ఎక్కువైనచో మెత్తనిది. మూడు మెట్ల సర్దుబాటు ఉన్న బండికి, ఇద్దరెక్కు దినమున ఒక మెట్టు పెంచుటయు, ఒంటరి ప్రయాణమున తగ్గించుటయు క్రొత్త స్ప్రింగు కొనుటకన్న మేలైన చికిత్స.

బాటల బాధ్యతను స్కూటరుపైననే మోపుట మాత్రము న్యాయము కాదు. 1988 నాటి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున నెమ్మదిగా లేచి, 10 సెంటీమీటర్ల ఎత్తునకు మించక, గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటుటకు వీలుగా ఉండవలెను. మన కాలనీలలో రాత్రికిరాత్రి వెలయు నిట్రపు గట్లు ఏ షాకబ్జరు శక్తికిని పరీక్షింపదగినవి కావు. పెద్దబాటను మలచుట మన చేతిలో లేదు. బండిని తెలిసికొనుట మన చేతిలోనున్నది. గుంతలో అదుపు తప్పిన చక్రము వెనుక కూర్చున్నవారి ప్రాణముతో కూడినదని తలచినచో, ఆ తెలిసికొనుట కర్తవ్యమగును.

ఉస్తాదు నాటి సాయంకాలము హ్యాంగరు బుష్షులు మార్చి, పాత షాకబ్జరునే మరల బిగించి, గాలి సరిచేయించి పంపెను. ఎఱ్ఱదానిని గోనెసంచిలో చుట్టి నా చేతికిచ్చెను. మరునాడు నేనును నా భార్యయు నారపల్లి వైపు పోవుచుండగా, స్తంభముల నీడలో ఎప్పటి గుంత ఎదురైనది. అలవాటు చొప్పున నేను మ్రోతకై చెవియొగ్గితిని. ఆమె చేయి నా భుజమును బిగించెను. చక్రము దిగెను, లేచెను, కుదుటపడెను. రెండవ గుంతకు ఆ చేయి ఊరక ఆనియుండెను. మూడవదానికి, తన ఒడిలోని సంచి సర్దుకొనుటకై, ఆమె దానిని తీసివేసెను.